మెక్సికన్ చాక్లెట్ ఇసుకలా తగులుతోంది, పాడైపోయిందా?

పాడవలేదండీ, పారేయకండి. తమ్ముడు మెక్సికో నుంచి తెచ్చిన గుండ్రటి బిళ్ళ పంటికింద ఇసుకలా తగులుతోందనీ, దాల్చిన చెక్క వాసన తప్ప మీరు విన్న కారం ఎక్కడా లేదనీ, పాత సరుకేదో అంటగట్టారేమోననీ రాశారు కదా. అది అలా గరగరలాడితేనే సరైన సరుకు. నాలుగేళ్ళ కింద నాకూ ఇదే అనుమానం వచ్చి సగం డబ్బా చెత్తలో వేశాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నా.

మేముండేది డాలస్ దగ్గర. చింతపండుకీ, కొత్తిమీరకీ, పచ్చిమిర్చికీ మెక్సికన్ కొట్టుకే పోతాం. అక్కడ పసుపు డబ్బా మీద బామ్మ బొమ్మతో అబ్వెలీతా అని ఒకటి కనిపిస్తే (ఆ మాటకి అర్థం కూడా బామ్మే) కొనుక్కుని, కారులోనే డెయిరీ మిల్క్ కొరికినట్టు కొరికాను. పన్ను ఊడినంత పనైంది. పంచదార కరకర, గొంతులో దాల్చిన చెక్క, చాక్లెట్ రుచి ఎక్కడో దూరంగా. తప్పు నాదే. మా పక్కింటావిడది మెక్సికోలోని వహాకా, ఈ సంగతి చెబితే పడీపడీ నవ్వి, అది కొరికేది కాదు తాగేది అని వంటింట్లోకి లాక్కెళ్ళి చేసి చూపించింది.

ఆ గరగర ఎందుకంటే, మనం మామూలుగా తినే చాక్లెట్‌ని ఉక్కు రోలర్ల మధ్య మెత్తగా నలిపి, ఆ తర్వాత గంటల తరబడి కలియబెడతారు. ఆ కలియబెట్టే యంత్రం 1879లో స్విట్జర్లాండ్‌లో రోడాల్ఫ్ లింట్ తయారుచేసింది. రాతితో రుబ్బిన రకానికి ఆ రెండో పని ఉండదు. వేయించిన కోకో గింజల్నీ పంచదారనీ రాళ్ళ మధ్య ఒకటి రెండు సార్లు పోనిస్తారు, అంతే, పంచదార పలుకుపలుకుగానే మిగిలిపోతుంది. వెనకటికి ఇళ్ళల్లో అయితే మెతాతె అని మూడు కాళ్ళమీద వాలుగా ఉండే రాయి ముందు మోకాళ్ళ మీద కూర్చుని, పొత్రంలాంటి రాయితో ముందుకీ వెనక్కీ నూరేవాళ్ళు. రాయి కింద కాసిని నిప్పులు కూడా పెట్టేవాళ్ళు, ఆ వేడికి కోకోలోని కొవ్వు కరిగి ముద్ద జారవుతుందని. చూస్తే మన సన్నికల్లుకి కాళ్ళు మొలిచినట్టే ఉంటుంది.

పోయినేడాది వహాకా వెళ్ళినప్పుడు అసలు తమాషా చూశాను. ఊరి మధ్యలో నవంబర్ 20 అని తారీఖునే పేరుగా పెట్టుకున్న మార్కెట్ ఒకటుంది (1910లో వాళ్ళ విప్లవం మొదలైన రోజు), దాని పక్కన మీనా వీధిలోకి తిరిగితే ఇక వాసనే దారి చూపిస్తుంది. అక్కడున్నవి అచ్చం మన కారం మరల్లాంటివి. కోకో ఇంత, పంచదార ఇంత, బాదం ఇంత, దాల్చిన చెక్క ఇంత అని చెబితే తూకం వేసి మన ముందే ఆడిస్తారు, మరలోంచి నల్లటి ముద్ద వేడివేడిగా జారిపడుతుంది. ఎండాకాలం మా నాయనమ్మ మిరపకాయల మూటతో నిలబడి, నా కారంలో ఇంకొకళ్ళది కలిపావంటే ఊరుకోను అని మరతనితో పోట్లాడేది. అక్కడా ఒక పెద్దావిడ మర వైపు వేలు చూపిస్తూ అదే పోట్లాట పెట్టుకుంది. స్పానిష్ రాకపోయినా విషయం అర్థమైపోయింది. నేను కోకోకి సమానంగా పంచదార వేయించుకున్నాను, రెట్టింపు వేయించుకునేవాళ్ళూ ఉన్నారు.

కారం సంగతికొస్తే, మెక్సికన్ చాక్లెట్ అంటే మిరపకాయ అనేది సగం నిజం. స్పెయిన్ వాళ్ళు రాకముందు ఆ పానీయంలో మిరప, వెనిలా, ఏవో వాసన పూలు పడేవి. పంచదారా, సిలోన్ దాల్చిన చెక్కా వాళ్ళతో వచ్చినవే. ఇవాళ వహాకా ఇళ్ళల్లో ఎక్కువగా తాగేది దాల్చిన చెక్కా బాదం వేసిందే (మీ పిల్లలకి బాదం పడకపోతే కవరు చూసుకోండి). మిరప రకమే కావాలంటే బోస్టన్ పక్కన సోమర్‌విల్‌లో టాజా అని ఒక కంపెనీ ఉంది, వాళ్ళు గ్వాహియో మిరప వేసి చేస్తారు. అది తినడానికి పనికొస్తుంది, కాకపోతే నాలుక మీద కరిగేదాకా ఆగకుండా చిన్నముక్క నమలాలి. కారం నోట్లో తెలియదు, మింగాక గొంతులో మెల్లగా వెచ్చదనం మొదలవుతుంది. గుంటూరు నోటికి అదొక లెక్క కాదు లెండి.

మీ దగ్గరున్నది తాగే రకం. కప్పుకి పాతిక ముప్పై గ్రాముల ముక్క చాలు. పాలు కాని, వట్టి నీళ్ళు కాని బాగా వేడెక్కాక చిన్నచిన్న ముక్కలు చేసి వేసి సన్నటి సెగ మీద కరిగించండి. నీళ్ళేంటి అనుకోకండి, వహాకాలో నీళ్ళతో చేసిందీ అంతే మామూలు, కోకో రుచి దాంట్లోనే బాగా తెలుస్తుంది. నాలాగా రెండు చెంచాల పాలు పోసి మైక్రోవేవ్‌లో మాత్రం పెట్టకండి, కాస్త తడి తగిలితే చాక్లెట్ బిర్రబిగుసుకుపోతుంది. పోస్తే ధారాళంగా పోయాలి. తర్వాత నురగ. వాళ్ళు మొలినియో అనే చెక్క పుల్లని రెండు అరచేతుల మధ్య గిరగిరా తిప్పుతారు. మా అమ్మ మొన్న వచ్చినప్పుడు అది చూసి, దీనికి కొత్తది కొనడమెందుకే అని మజ్జిగ కవ్వం తీసి చిలికేసింది, నురగ నా దానికంటే బాగా వచ్చింది. ఆ పుల్ల రాకముందు పైనుంచి ఒక పాత్రలోంచి ఇంకోదాంట్లోకి ధారగా పోసేవాళ్ళట, పాత మాయా నాగరికత నాటి పాత్రల మీద అలా పోస్తున్న బొమ్మ కూడా ఉంది. మనం కాఫీ తిరగబోసుకున్నట్టే. చివరి గుక్కలో అడుగున పలుకులు మిగులుతాయి, కప్పు ఒకసారి తిప్పి తాగేయండి. అక్కడ గుడ్డుసొన వేసిన రొట్టె ముంచుకుంటారు, మా ఇంట్లో ఉస్మానియా బిస్కెట్.

దీనికంటే నాకు నచ్చినది రాగిజావ. వాళ్ళకి చంపురాదో అని మొక్కజొన్న పిండితో చేసే చాక్లెట్ జావ ఉంది, అది తాగాక మన జావలో ఎందుకు వేయకూడదనిపించి, బెల్లం తగ్గించి ఒక ముక్క వేశాను. ముక్కు మూసుకుని తాగే మా చిన్నాడు ఇప్పుడు అడిగి పోయించుకుంటున్నాడు. వంటలో కూడా వాడొచ్చు. మోలే అనే వాళ్ళ కూరల్లో కొన్నింట్లో రకరకాల ఎండుమిర్చితో పాటు కాస్త చాక్లెట్ పడుతుంది, పులుసులో మనం బెల్లంముక్క వేసినట్టు, కారాన్నీ చేదునీ సర్దడానికి. నేను రాజ్మాలో గోరంత ముక్క వేస్తాను. మొదటిసారి పావు బిళ్ళ వేస్తే కూర పాయసానికీ పులుసుకీ మధ్య ఎక్కడో ఆగిపోయింది. బ్రౌనీలు కూడా చేసి చూశాను, వద్దు, తీపి ఎక్కువ, చాక్లెట్ తక్కువ.

ఇంకో రెండు నెలలకి బిళ్ళ మీద తెల్లటి పొర కనిపిస్తే మళ్ళీ పాడైందని కంగారుపడకండి, వేడికి కరిగి పైకి తేలి గడ్డకట్టిన కోకో వెన్న అది, తాగడానికి తేడా రాదు. ఫ్రిజ్‌లో మాత్రం వద్దు. నేను పెట్టిన బిళ్ళకి పక్కనున్న ఇంగువ వాసన పట్టేసింది, ఆ చాక్లెట్ మా ఆయన ఒక్కరే తాగారు.