ఒక్క ఇంగ్లిష్ క్లాసు, ఇంట్లో మూడు వారాల మౌనం

ప్రశ్న: మేము టెక్సస్‌లో, డల్లాస్ దగ్గర ఉంటాం. సొంత ఊరు గుంటూరు జిల్లాలో. ఒక్కతే అమ్మాయి, పదకొండో తరగతి చదువుతోంది. వచ్చే ఏడాదికి కోర్సులు ఎంచుకునే ఫారం ఈ నెలాఖరులోగా ఇవ్వాలి. లెక్కలు, ఫిజిక్స్, కంప్యూటర్ సైన్స్, గవర్నమెంట్ అన్నీ ఏపీ కోర్సులే తీసుకుంటానంది. గొడవంతా ఇంగ్లిష్ దగ్గరే. మా వారు ఏపీ లిటరేచర్ తీసుకోమంటారు. తను క్రియేటివ్ రైటింగ్ కావాలంటుంది. అది మామూలు కోర్సు, ఏపీకి వచ్చే అదనపు పాయింటు రాదు, క్లాసులో ర్యాంకు పడిపోతుంది, ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో సీటు చేజారుతుంది అని ఆయన భయం. మాటా మాటా పెరిగి, "కథలు రాసుకోవడానికి వేసవి సెలవులు లేవా?" అన్నారు. అంతే, మూడు వారాలుగా తండ్రీకూతుళ్ల మధ్య మాటలు లేవు. ఇద్దరికీ మధ్య వార్తలు మోసేది నేనే. ఈ ఏడాది ఏపీ లాంగ్వేజ్‌లో మొదటి సెమిస్టర్‌కు తనకు బి వచ్చింది, ఎప్పుడూ ఏ తప్ప ఎరగని పిల్ల. ఇంకో సంగతి. తన గది సర్దుతూ నోటుబుక్కు తెరిచి చదివాను. రెండేళ్ల కిందట మా అత్తగారు పోయినప్పుడు వీసా చిక్కుల వల్ల ఆయన వెళ్లలేకపోయారు. ఇక్కడ రాత్రి పదకొండున్నర, అక్కడ మర్నాడు పగలు పదకొండు. వంటింట్లో ఫోను రైస్ కుక్కర్‌కు ఆనించి పెట్టుకుని ముగ్గురం దహనసంస్కారాలు చూశాం. అదంతా కథగా రాసింది. ఆయనకు చెప్పలేదు. చెప్పమంటారా? ఏ కోర్సు తీసుకోమనాలి?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, కోర్సు సంగతి తేలిక. కాగితం, కలం ఉంటే పావుగంటలో తేలుతుంది. నోటుబుక్కు సంగతి అలా తేలదు. అందుకని తేలికైనది ముందు చూద్దాం.

ఏపీ అనగానే ఆంధ్రప్రదేశ్ అనుకునే పాఠకులకు ఒక మాట: అమెరికా హైస్కూళ్లలో ఇది అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్. కాలేజీ మొదటి ఏడాది స్థాయి పాఠాలు స్కూల్లోనే చెబుతారు, మే నెలలో పరీక్ష పెట్టి 1 నుంచి 5 వరకు స్కోరు ఇస్తారు. కష్టమైన కోర్సు కాబట్టి చాలా స్కూళ్లు మార్కుల సగటు లెక్కలో దానికి ఒక పాయింటు ఎక్కువ ఇస్తాయి. మీ వారు పట్టుకున్నది ఆ పాయింటునే.

అది ఎంతో చూద్దాం. మామూలు కోర్సులో ఏ వస్తే 5, ఏపీలో ఏ వస్తే 6 అనుకోండి. ఏడాదికి ఏడు చొప్పున నాలుగేళ్లకు 28 కోర్సులు. ఒక్కదానిలో ఒక్క పాయింటు తగ్గితే సగటులో తగ్గేది ఇరవై ఎనిమిదో వంతు, సుమారు 0.036. మీ స్కూలు అంకెలు కాస్త వేరుగా ఉండవచ్చు, లెక్క మాత్రం ఇదే దారిలో నడుస్తుంది. పోటీ గట్టిగా ఉన్న స్కూల్లో ఆ కాస్త తేడాకే నాలుగు ర్యాంకులు అటూ ఇటూ అవుతాయి. కాబట్టి ఆయన భయాన్ని కొట్టిపారేయను.

అయితే ఆయన చూసుకోని సంగతి ఒకటుంది. మీ అమ్మాయి కాలేజీలకు దరఖాస్తులు పంపేది పన్నెండో తరగతి తొలి నెలల్లో. అప్పుడు ఆస్టిన్‌కు వెళ్లే ర్యాంకు మామూలుగా పదకొండో తరగతి ముగిసేనాటిది. పన్నెండులో వచ్చే ఇంగ్లిష్ మార్కు అప్పటికి ఇంకా పుట్టి ఉండదు. పుట్టని మార్కు ర్యాంకును పడగొట్టలేదు కదా. టెక్సస్‌లో 1997 నుంచి ఒక చట్టం ఉంది: క్లాసులో పై 10 శాతంలో ఉన్నవారికి ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో నేరుగా ప్రవేశం. ఆస్టిన్ ఒక్కదానికి మినహాయింపు. అక్కడ కొన్నేళ్లు 6 శాతంగా ఉన్న ఆ గీతను 2026 ప్రవేశాల నుంచి 5 శాతానికి తెచ్చారు. మీ అమ్మాయి ఆ 5 శాతంలో ఉంటుందో లేదో ఈ ఏడాది మార్కులే తేలుస్తాయి. ఇంట్లో పోట్లాట తప్పదనుకుంటే, ఇప్పుడు నడుస్తున్న సెమిస్టర్ గురించి పోట్లాడుకోవడంలో కనీసం అర్థముంది.

పైగా ఆ 5 శాతం ఇచ్చేది విశ్వవిద్యాలయంలో చోటు మాత్రమే. కంప్యూటర్ సైన్స్, ఇంజినీరింగ్ లాంటి శాఖల్లో సీటు దానంతటది రాదు. అక్కడ దరఖాస్తును మొత్తంగా చూస్తారు, పిల్లలు రాసిన వ్యాసాలూ చదువుతారు. దేశంలోని వందలాది కాలేజీలు తీసుకునే ఉమ్మడి దరఖాస్తు కామన్ యాప్‌లో అయితే అసలు వ్యాసానికి 650 మాటలే హద్దు. అంత ఇరుకులో తన గురించి తాను చెప్పుకోవాలి. ఏడాది పొడవునా రాసి, చదివి వినిపించి, కొట్టేసి, తిరగరాసిన పిల్లకు అది అలవాటైన పని. ఈ వాదన మీ వారి దగ్గర వాడుకోండి. మీ అమ్మాయి దగ్గర మాత్రం ఎత్తకండి. నాయనమ్మ మీద రాసిన కథ కూడా చివరికి సీటు కోసమేనా అనిపిస్తుంది.

మీ వారి వాదనలో బలమున్న చోటు వేరే ఉంది. పోటీ ఎక్కువగా ఉండే ప్రైవేటు కాలేజీలు పన్నెండో తరగతిలో పిల్లలు ఏ కోర్సులు పెట్టుకున్నారో కూడా చూస్తాయి, చివరి ఏడాది చేతులెత్తేశారా అని. నాలుగు ఏపీలు మోస్తున్న పిల్లను చూసి అలా అనుకునేవాళ్లు ఉండరు.

ఇక జాగ్రత్త పడాల్సిన చోటు. టెక్సస్‌లో హైస్కూలు పూర్తి కావడానికి ఇంగ్లిష్‌లో నాలుగు క్రెడిట్లు కావాలి, ఏడాది పొడవు కోర్సుకు ఒక క్రెడిట్ చొప్పున. మొదటి మూడూ అందరికీ ఒకటే వరస. నాలుగోదానికి రాష్ట్రం ఒక జాబితా ఇచ్చింది, అందులో క్రియేటివ్ రైటింగ్ ఉంది. కానీ ఈ కోర్సును కొన్ని స్కూళ్లు ఏడాదంతా చెబుతాయి, కొన్ని ఒక్క సెమిస్టరే చెప్పి అర క్రెడిట్ ఇస్తాయి. అర క్రెడిటే అయితే అదే జాబితా నుంచి మరో అర క్రెడిట్ కోర్సు, ఉదాహరణకు రీసెర్చ్ అండ్ టెక్నికల్ రైటింగ్ లాంటిది, జత చేయాలి. ఫారం నింపేటప్పుడు ఈ అర సంగతి ఎవరికీ గుర్తుండదు. ఆగస్టులో గుర్తొస్తుంది. వేరే రాష్ట్రాల కాలేజీలకు కూడా పంపే ఆలోచన ఉంటే, ఈ కోర్సును అవి పూర్తిస్థాయి ఇంగ్లిష్‌గా లెక్కిస్తాయా అని అడిగి తెలుసుకోండి.

మీ వారిది మన ఇంటర్మీడియట్ బుర్ర. తప్పుపట్టడం లేదు, నాదీ అదే. సెకండ్ లాంగ్వేజ్ తెలుగా సంస్కృతమా అన్న రోజున నీకేది ఇష్టమని నన్ను ఎవరూ అడగలేదు. సంస్కృతంలో మార్కులు ధారాళంగా వేస్తారు, అంతే. రామః రామౌ రామాః బట్టీ పట్టాం, నూటికి తొంభై దాటి తెచ్చుకున్నాం, పరీక్ష హాలు గేటు దాటేలోపు మరిచిపోయాం. ఇవాళ ఒక్క శ్లోకానికి అర్థం చెప్పమంటే బిక్కమొహం వేస్తాను. ఆ మార్కులు అప్పట్లో అక్కరకు వచ్చాయి, అబద్ధమెందుకు. అలా పెరిగిన మనకు ఎలెక్టివ్, అంటే మనం ఎంచుకునే కోర్సు, ఎక్కువ మార్కులు ఎక్కడొస్తాయో వెతుక్కునే గడిగానే కనిపిస్తుంది.

మీ అమ్మాయినీ ఒక ప్రశ్న అడగాలి. ఆ బి గ్రేడు సంగతి మీరు ఒక్క వాక్యంలో చెప్పి దాటేశారు, నేను అక్కడ ఆగాను. ఏపీ లాంగ్వేజ్ పరీక్షలో గంటలో 45 ప్రశ్నలు, ఆ తరువాత 2 గంటల 15 నిమిషాల్లో మూడు వ్యాసాలు. ఏడాదంతా గడియారం పక్కన పెట్టుకుని దానికే సాధన. నిదానంగా ఆలోచించి రాసే పిల్లలకు అది ఊపిరాడని పని. క్రియేటివ్ రైటింగ్ మీద ఇష్టంతో అటు వెళుతోందా, ఆ బి మళ్లీ వస్తుందన్న భయంతో ఇటు నుంచి తప్పుకుంటోందా? రెండూ కొంత కొంత ఉండవచ్చు. భయమే ఎక్కువైతే ఆమెకు తెలియాల్సినవి రెండున్నాయి. ఏపీ లిటరేచర్ వేరే కోర్సు. అక్కడ చదివేది కవితలు, నవలలు, నాటకాలు. బహుశా ఆమెకు అదీ నచ్చవచ్చు. రెండోది, క్రియేటివ్ రైటింగ్ తేలికని ఎవరైనా చెప్పి ఉంటే నమ్మవద్దు. తన కథను ఇరవై మంది తోటిపిల్లల ముందు చదివి, వాళ్లు పెదవి విరిస్తే ఇంటికొచ్చి మళ్లీ రాయడం గ్రేడు కన్నా గట్టిగా తగులుతుంది. ఇదంతా సోఫాలో ఎదురెదురుగా కూర్చోబెట్టి విచారణలా అడగకండి. కారులో వెళుతున్నప్పుడు అడగండి. పదహారేళ్ల పిల్లలు మన మొహం చూడనవసరం లేనప్పుడు ఎక్కువ మాట్లాడతారు.

దయచేసి "రెండూ తీసుకో" అని రాజీ కుదర్చకండి. మన ఇళ్లలో అందరికీ నచ్చే రాజీ అదే. అందరి మాటా నిలబడుతుంది, బరువు మాత్రం పిల్ల ఒక్కతే మోస్తుంది. నాలుగు ఏపీలు, దరఖాస్తులు, వాటి వ్యాసాలు ఆ అక్టోబరులోనే మీద పడతాయి. తనంతట తాను రెండూ కావాలంటే అది వేరే సంగతి. నన్నడిగితే, పూర్తి క్రెడిట్ వచ్చేట్టు ఉండి, ఇష్టంతోనే వెళుతున్నట్టు మీకు అనిపిస్తే, క్రియేటివ్ రైటింగే తీసుకోనివ్వండి.

ఇప్పుడు నోటుబుక్కు. "కథలు రాసుకోవడానికి వేసవి సెలవులు లేవా?" అన్నప్పుడు మీ వారి మనసులో ఉన్నది ఊరికే కథలన్న మాట. మీ అమ్మాయి రాస్తున్నది మాత్రం వాళ్ల నాయనమ్మ చావు గురించి, రైస్ కుక్కర్‌కు ఆనించిన ఫోనులో తల్లి చితిని చూస్తున్న తండ్రి గురించి. ఆ మాట ఆమె చెవికి ఎలా చేరి ఉంటుందో ఊహించండి. మూడు వారాలు మాట్లాడకపోవడం నాకు ఆశ్చర్యంగా లేదు. ఆయనకు ఆ కథ ఉన్నట్టే తెలియదు. ఆయనకు తెలియదన్న ఆలోచనే ఆమెకు వచ్చి ఉండదు. రెండు కొసలూ పట్టుకుని వంటింట్లో నిలబడింది మీరొక్కరే.

అయినా ఆ నోటుబుక్కు మీ వారికి చూపించకండి. అది మీది కాదు. ముందు మీ అమ్మాయికి నిజం చెప్పండి: "నీ గది సర్దుతూ నీ నోటుబుక్కు చదివాను. అడగకుండా చదవడం తప్పే. నాయనమ్మ కథ చదివి ఏడ్చాను." అక్కడితో ఆపండి. బాగా రాశావనీ, స్పెల్లింగు చూసుకోమనీ, కోర్సు గురించీ ఆ పూట ఏమీ అనకండి. కోపం తెచ్చుకుంటుంది, రెండు రోజులు తలుపు వేసుకుంటుంది. వేసుకోనివ్వండి. తరువాత ఒక్కసారి అడగండి, నాన్నకు చదివి వినిపిస్తావా అని. వద్దంటే మళ్లీ ఎత్తకండి.

మీ వారికి చెప్పాల్సింది వేరు. "మీరన్న ఆ మాట దాన్ని బాగా నొప్పించింది. ఎందుకో అదే చెప్పాలి, నేను చెప్పను. మీరు మాత్రం ఆ మాట వెనక్కి తీసుకోండి" అనండి చాలు. తండ్రి మాట వెనక్కి తీసుకోవడమంటే మన ఇళ్లలో భోజనాల దగ్గర కూతురి కంచంలో ఇంకో గారె వేయడం. ఈసారి దానితో సరిపెట్టకుండా నోటితోనే అనమనండి. ఆ పై నుంచి వార్తలు మోయడం మానేయండి. "నాన్నను నువ్వే అడుగు" అని మీరు పొయ్యి వైపు తిరిగిపోతే, ఒకటి రెండు పూటలు ఇల్లు బిగుసుకుపోతుంది. భయపడకండి.

ఫారానికి నెలాఖరు దాకా వ్యవధి ఉందన్నారు. రేపే స్కూలు కౌన్సెలర్‌కు ఒక మెయిలు వెళ్లాలి: మా స్కూల్లో క్రియేటివ్ రైటింగ్‌కు పూర్తి క్రెడిటా, అరా? కాలేజీలకు పంపే ర్యాంకు ఏ నాటికి లెక్కిస్తారు? మెయిలు మీ అమ్మాయే రాయాలి, జవాబు ముగ్గురూ కలిసి చదవాలి. ఫారం కింద తల్లిదండ్రుల సంతకానికి గీత ఉంటుంది. ఇన్నేళ్లుగా అక్కడ మీరే సంతకం పెడుతూ ఉండి ఉంటారు. ఈసారి మీ వారి చేత పెట్టించండి.