వంగపండు రంగు రాయి గురించి అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటోలు తిప్పి తిప్పి చూశాను. లేత వంగపండు రంగు, కోడిగుడ్డు ఆకారపు కోత, మంచి మెరుపు. చీటీ మీద ‘టాఫైట్’ అని రాసిచ్చారన్నావు. దీన్ని ఎలా కడగాలి, ఎక్కడ దాచాలి అని అడిగావు. చెబుతాను. కానీ ముందు అది ఏ రాయో తేలాలి కదా! చీటీ మీద ఎవరైనా ఏమైనా రాయొచ్చు.

అసలు ఈ రాయి లోకానికి తెలిసిందే ఒకరు పైచూపుని నమ్మి ఊరుకోకపోవడం వల్ల. 1945లో డబ్లిన్‌లో రిచర్డ్ టాఫే అనే రత్నపరీక్షకుడు ఒక నగల వ్యాపారి దగ్గర పాత రాళ్ళు కొన్ని కలిపి కొన్నాడు. వాటిలో 1.419 క్యారెట్ల లేత ఊదా రాయి ఒకటుంది. రంగు చూస్తే స్పినెల్ అనే మరో రత్నంలా ఉంది, సాంద్రత చూసినా స్పినెలే. మైక్రోస్కోప్ కింద పెట్టేసరికి మాత్రం ఒక్క చుక్క రెండు చుక్కలుగా కనబడింది. స్పినెల్‌లో కాంతి రెండుగా చీలదు. అక్కడ అతనికి అనుమానం తగిలింది. లండన్ రత్నాల పరీక్షశాలలో ఉన్న ఆండర్సన్ అనే నిపుణుడికి ఆ రాయిని పంపాడు. రాయిలో కొంత కోసి రసాయన పరీక్షకి ఇచ్చారు, ఎక్స్‌రే తీశారు. బెరీలియం, మెగ్నీషియం, అల్యూమినియం, ఆక్సిజన్ కలిసిన కొత్త ఖనిజమని తేలింది. 1951లో దానికి అతని పేరే పెట్టారు. మామూలుగా ఖనిజం ముందు గనిలో దొరుకుతుంది, తర్వాత సానకెక్కుతుంది. ఇది సానబట్టిన రాయిగా ముందు దొరికి, ఖనిజంగా తర్వాత నమోదైంది. అది ఏ నేలలోంచి వచ్చిందో చెప్పే కాగితం లేదు. తర్వాత శ్రీలంక, టాంజానియా, మయన్మార్‌లలో దొరికాయి, ఎక్కువగా ఏటి కంకరలో. అయినా చాలా కొద్దిగానే.

నా సంగతి కూడా చెప్పాలి. ఉద్యోగం మొదట్లో పొట్లాల కొద్దీ ఊదా స్పినెల్స్ నా చేతుల మీదుగా వెళ్ళాయి. సాంద్రత 3.6 వస్తే చాలు, ‘స్పినెల్’ అని రాసి పక్కన పెట్టేసేవాణ్ణి. టాఫైట్‌కీ అదే 3.6 వస్తుందని చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. ఆ పొట్లాల్లో ఒకటైనా ఉందేమో! ఆ రోజు నుంచి ఒక్క కొలతతో పేరు రాయడం మానేశాను.

పరీక్ష ఎలా చేయించాలో విను. అమెథిస్ట్ అనే ఊదా రాయిని, ఊదా రంగు నీలమణిని పక్కకి తప్పించడం తేలిక. అమెథిస్ట్ సాంద్రత 2.65, నీలం దాదాపు 4. నీటిలో తూచితే ఈ రెండూ అవునో కాదో తెలిసిపోతుంది. చిక్కంతా స్పినెల్‌తోనే. రెండింటి వక్రీభవన గుణకం, అంటే రాయిలో కాంతి ఎంత వంగుతుందో చెప్పే అంకె, కూడా 1.72 దగ్గరే. కాబట్టి కాంతి రెండుగా చీలుతుందో లేదో చూపే పోలారిస్కోప్‌తో చూడమని అడుగు. రాయిని ఒక చుట్టు తిప్పితే టాఫైట్ నాలుగు సార్లు వెలిగి, నాలుగు సార్లు ఆరుతుంది. స్పినెల్ చీకటిగానే ఉంటుంది. ఒకవేళ చీకటిగానే ఉంటే వెంటనే నిరాశపడకు, రాయిని పక్కకి వాల్చి మళ్ళీ తిప్పమను. ఒక దిక్కు నుంచి చూస్తే టాఫైట్ కూడా వెలగదు. వక్రీభవన గుణకం కొలిచే రిఫ్రాక్టోమీటర్ మీద రెండు అంకెలు రావాలి, కానీ వాటి మధ్య తేడా చాలా స్వల్పం, 0.005 దగ్గరే. తొందరపడే చేతికి అది ఒకే అంకెలా కనబడుతుంది. మామూలు భూతద్దంలో పలకల అంచులు రెండుగా కనబడతాయని ఆశ పెట్టుకోకు, అంత బలంగా చీల్చదు.

ఇంకో తిరకాసు ఉంది. మస్‌గ్రవైట్ అని దీనికి దగ్గర చుట్టం. అదే నాలుగు మూలకాలు, పాళ్ళు మాత్రం వేరు. ఈ రెండింటినీ చేతి పరికరాలు నమ్మకంగా విడదీయలేవు, లేజర్ కాంతితో ఖనిజాన్ని గుర్తించే రామన్ స్పెక్ట్రోస్కోప్ ఉన్న ల్యాబ్‌కే పంపాలి. రిపోర్టులో ‘మాగ్నెసియోటాఫైట్’ అని వస్తే కంగారు పడకు, 2002 తర్వాత ఖనిజశాస్త్రంలో టాఫైట్‌కీ మస్‌గ్రవైట్‌కీ పేరు అదే, దాని వెనక వచ్చే గుర్తు మాత్రం వేరు.

ఇక మహిమలు. ఈ రాయి మనసుకి శాంతినిస్తుందనీ ప్రాచీన రాజులు ధరించారనీ ఎవరైనా చెబితే నవ్వి ఊరుకో. 1945 దాకా ఎవరూ గుర్తించని రాయికి ప్రాచీన కథ ఎక్కడి నుంచి వస్తుంది? ఊదారంగు మీద ఉన్న పాత నమ్మకాల్లో చాలా వరకు అమెథిస్ట్‌వి. అది దగ్గరుంటే మత్తెక్కదని గ్రీకులు నమ్మేవారు, ఆ పేరుకి అర్థం కూడా ‘మత్తులేనిది’ అనే. ఆ కథల్నే తెచ్చి దీనికి అంటిస్తుంటారు. నాకైతే డబ్లిన్ కథే చాలు.

సంరక్షణకి పెద్ద టెన్షన్ అక్కర్లేదు. కాఠిన్యం 8 నుంచి 8.5, అంటే గాలిలోని మామూలు దుమ్ము దీన్ని గీయలేదు. గోరువెచ్చని నీళ్ళు, నాలుగు చుక్కల మెత్తని సబ్బు, చిన్నపిల్లల టూత్‌బ్రష్. రాయి వెనక వైపు రుద్దు, జిడ్డు పేరుకునేది అక్కడే. ఆ తర్వాత మెత్తని గుడ్డతో అద్దు. సింక్‌లో మాత్రం కడగకు, గిన్నెలో కడుగు. కొక్కెం వదులై రాయి జారిందంటే ఇక దొరకదు. అల్ట్రాసోనిక్ మెషీన్‌లోనూ ఆవిరి కింద కూడా పెట్టనివ్వకు. లోపల సన్నని పగులు ఉంటే ఆ అదురుకి పెద్దదవుతుంది, ఇలాంటి రాయికి బదులు రాయి వెతకడం నీ తరం కాదు, నా తరం కాదు. నగ రిపేరుకి ఇచ్చేటప్పుడు ముందు రాయి తీయించు, మంట దాని దగ్గరికి రాకూడదు.

ఉంగరం కన్నా లాకెట్టు మేలని నా అభిప్రాయం. చేయి తగలని చోటంటూ ఉండదు. సాన తగ్గిందని మళ్ళీ పట్టించాలనిపిస్తే ఆగి ఒకసారి నాకు చెప్పు, ప్రతి సానకీ బరువు తగ్గుతుంది. పైగా ఇందులో బెరీలియం ఉంది. ధరించడానికి ఏ ప్రమాదమూ లేదు గానీ, కోసేటప్పుడు లేచే పొడి పీల్చకూడదు. పని చేసే మనిషికి ఆ మాట చెప్పి తీరాలి.

ల్యాబ్‌కి పంపే ముందు బరువు మూడు దశాంశాల వరకు తూయించి రాసుకో. అదే అంకె వెనక్కి వచ్చినప్పుడు కూడా ఉండాలి. రిపోర్టు రాగానే ఫొటో తీసి నాకు పంపు, స్పినెల్ అని వచ్చినా సరే పంపు. అప్పటిదాకా దాన్ని నీ నీలాల డబ్బీలో మాత్రం వేయకు, నీలం దీన్ని గీస్తుంది. విడిగా మెత్తని గుడ్డ సంచీలో పెట్టు.

మీ పెదనాన్న