ఆ లింక్ పంపకు, నువ్వే మాట్లాడు

ప్రశ్న: నాకు 27. భీమవరం దగ్గర పల్లె. రాత్రిళ్లు మా రొయ్యల చెరువు దగ్గర కాపలా ఉంటూ ఇంగ్లీషు ఆడియోబుక్ ఒకటి విన్నాను. చిన్నప్పటి స్నేహితులిద్దరు, ఇద్దరూ మగవాళ్లే, ప్రేమలో పడతారు. ఒక్కొక్కరి కథ ఒక్కో గొంతు చదువుతుంది. రెండోవాడు అచ్చం నా స్నేహితుడే. పంటు మీద నరసాపురం రేవు దాటుతుంటే వాడు నా భుజం మీద చెయ్యేసి నిలబడతాడు, బావా అంటాడు, రోజూ రాత్రి ఫోన్ చేస్తాడు. ఆ లింక్ పంపితే నా మనసు అర్థమవుతుందా? ఇంట్లో ఆదివారం పెళ్లిచూపులు పెట్టారు. టెన్షన్‌తో నిద్ర లేదు. నాదేమైనా జబ్బా?

జవాబు: తమ్ముడూ, జబ్బు కాదు. మగవాడు మగవాణ్ణి ఇష్టపడటాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే జబ్బుల జాబితాలోంచి తీసేసింది, నేరం కాదని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది. రేపు ఇంట్లో తెలిసి, "మార్చేస్తా" అనే డాక్టరు దగ్గరికి ఎవరైనా తీసుకెళ్లినా భయపడకు, అలాంటి వైద్యం చేయడమే తప్పని జాతీయ వైద్య కమిషన్ 2022లో తేల్చేసింది.

ఆ గొంతుకి నువ్వు అంతగా కదిలిపోవడంలో వింతేం లేదు. నువ్వు ఎవరితోనూ అనలేని మాటని ఒక మగ గొంతు తడబడుతూ, మధ్యమధ్యలో ఊపిరి తీసుకుంటూ నీ చెవిలోనే అంటోంది, అదీ అర్ధరాత్రి, చెరువు నీళ్లకి గాలి అందించే ఏరియేటర్ల మోత తప్ప ఇంకేమీ వినపడని చోట. (రెండో చెవి ఖాళీగా ఉంచు బాబూ, కరెంటు పోయి అవి ఆగిపోతే తెల్లారేసరికి రొయ్యలు పైకి తేలతాయి.)

కానీ ఇద్దరు చదివే పుస్తకంలో ఒక సౌకర్యం ఉంది. మొదటివాడు "వాడికి నేనంటే ఇష్టం లేదేమో" అని కుమిలిపోతుంటే, తర్వాతి అధ్యాయంలో రెండో గొంతు వచ్చి ఉందని మనకి చెప్పేస్తుంది. పైగా ఈ రకం ప్రేమకథలు రాసేదే చివర్లో ఇద్దర్నీ కలపడానికి. నీ స్నేహితుడి అధ్యాయం నువ్వింకా వినలేదు. ఇన్నాళ్లూ వాడి తరఫున కూడా నువ్వే చదివేస్తున్నావు. మన జిల్లాల్లో బావా అనని వాడెవడు, భుజం మీద చెయ్యి వెయ్యని వాడెవడు? వాడికి ఇష్టం లేదని నేననట్లేదు, ఉందో లేదో వీటివల్ల తేలదంటున్నా.

లింక్ పంపావనుకో. గంటల తరబడి సాగే ఇంగ్లీషు వాడు విననే వినకపోవచ్చు, నువ్వేమో "విన్నావా" అని అడగలేక చస్తావు. విని "కథ బాగుందిరా" అని ఊరుకుంటే మరీ నరకం, అది ఒప్పుకోవడమో తప్పించుకోవడమో నీకు తెలియదు.

అందుకని ముందు మాటల్లో మాటగా, మగవాళ్లిద్దరి పెళ్లికి చట్టం ఒప్పుకోదని 2023లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు సంగతి ఎత్తు. వాడు వెకిలిగా నవ్వితే అక్కడితో ఆగు. నవ్వకపోతే, మందు లేనప్పుడు, పక్కన ఎవరూ లేనప్పుడు, "ఒరేయ్, నాకు మగవాళ్లంటేనే ఇష్టంరా, ఎవరికీ చెప్పలేదు" అను. ఆ రోజుకి అంతే. "నువ్వంటే ఇష్టం" అనేది ఇంకో రోజు. రెండూ ఒకేసారి మీద పడేస్తే, స్నేహితుడిగా నీ పక్కన నిలబడాలా, నీకు ప్రేమ జవాబు చెప్పాలా అని వాడు గింజుకుంటాడు, అప్పుడు రెండూ చెడొచ్చు.

ఇక పెళ్లిచూపులు. వాడు ఏమంటాడన్న దానితో వీటికి సంబంధం లేదు, వెళ్లకు. "పెళ్లయితే అదే సర్దుకుంటుంది" అనేవాళ్లు ప్రతి ఇంట్లోనూ ఉంటారు, సర్దుకోనప్పుడు పుట్టింట్లో కూర్చుని ఏడ్చేది మాత్రం ఆ అమ్మాయి. అలాగని కారణం ఇప్పుడే చెప్పాలని లేదు. మీ చెరువు మీదే నీ బతుకు కాబట్టి, నీ పేర కొంత డబ్బు, ఉండడానికి వేరే చోటు చూసుకునేదాకా అసలు సంగతి దాచుకున్నా నేను పిరికితనం అనను. నిద్ర పట్టనప్పుడు 14416కి చెయ్, అది టెలిమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు, రాత్రయినా ఎత్తుతారు.

అమ్మతో మాత్రం ఇవాళే "నేనిప్పుడు పెళ్లి చేసుకోను" అని చెప్పు. జ్వరమనో, చెరువులో రొయ్యల పట్టుబడి ఉందనో సాకులు చెప్తే వచ్చే ఆదివారానికి మారుస్తారంతే. అవతలివాళ్లు చుట్టాలని పిలుచుకోకముందే కబురు వెళ్లాలి.