పాత లాప్‌టాప్ బాగానే ఉంది... మార్చాలా, ఉంచాలా?

ప్రశ్న: మాది నరసన్నపేటలో బట్టల కొట్టు. 2017లో కొన్న లాప్‌టాప్ మీదే టాలీ, జీఎస్టీ రిటర్నులు, బ్యాంకు పనులు చేస్తున్నాం. ఏడో తరం ఐ5 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్. స్క్రీన్, కీబోర్డు బాగున్నాయి. కానీ ఆన్ చేశాక పని మొదలుపెట్టాలంటే ఐదారు నిమిషాలు ఆగాలి. రిపేరు షాపులో కొత్తది కొనెయ్యమంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ఇప్పుడే కొనకండి. ముందు ఎక్కడ ఆగుతోందో చూడండి. ఆన్ అవుతుండగా కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. పెర్ఫార్మెన్స్‌లో డిస్క్ 100 శాతం దగ్గర నిలబడిపోయి, సీపీయూ 20, 30లో ఉంటే ప్రాసెసర్ తప్పేమీ లేదు, హార్డ్ డిస్క్ అందుకోలేకపోతోంది. తిరిగే డిస్క్ చిన్న చిన్న ఫైళ్లను సెకనుకు వంద చోట్ల నుంచి తీయడమే గొప్ప. ఎస్‌ఎస్‌డీ, అంటే తిరిగే భాగాల్లేకుండా చిప్‌ల మీద డేటా దాచే డిస్క్, వేల చోట్ల నుంచి తీస్తుంది. పైగా 4 జీబీ ర్యామ్ నిండిపోగానే విండోస్ ఆ మిగులును కూడా డిస్క్ మీదే పెడుతుంది. అంటే నెమ్మదైన డిస్క్ మీదే రెండు బరువులు.

అందుకే మొదటి ఖర్చు ఎస్‌ఎస్‌డీకే. 2.5 అంగుళాలు, 7 మి.మీ. మందం, సాటా రకం (పాత హార్డ్ డిస్క్ తగిలించే కనెక్షనే), 500 జీబీ చాలు. లోపల ఎం.2 స్లాట్ (సన్నటి స్టిక్ లాంటి ఎస్‌ఎస్‌డీ పట్టే చోటు) ఉన్నా, అది సాటాదా, అంతకంటే వేగమైన ఎన్‌వీఎంఈదా తెలుసుకోకుండా ఆ స్టిక్ రకం కొనకండి. పాత మోడళ్లలో కొన్ని స్లాట్లు సాటా మాత్రమే తీసుకుంటాయి. తర్వాత ర్యామ్. టాస్క్ మేనేజర్‌లో మెమరీ మీద నొక్కితే ఎన్ని స్లాట్లు వాడారో కనిపిస్తుంది. ఖాళీ ఉంటే ఇంకో 4 జీబీ వేయించండి. పాత ర్యామ్ స్టిక్ లేబుల్ మీద పీసీ4 అని ఉంటే డీడీఆర్4, పీసీ3ఎల్ అని ఉంటే డీడీఆర్3ఎల్. గాడి వేరే చోట ఉంటుంది కాబట్టి ఒకదాని బదులు ఒకటి పట్టదు.

డిస్క్ మార్చే ముందు టాలీ డేటాను పెన్‌డ్రైవ్‌లోకి బ్యాకప్ తీయండి. టాలీ సీరియల్ నంబరు, మెయిల్ ఐడీ, పాస్‌వర్డ్ దగ్గర పెట్టుకోండి, లైసెన్స్ మళ్లీ యాక్టివేట్ చేయాల్సి రావచ్చు. డిస్క్‌కు తాళం వేసే విండోస్ సదుపాయం బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసుకోండి. పాత డిస్క్‌లో ఉన్నదంతా ఉన్నట్టే కొత్తదానికి ఎక్కించే క్లోనింగ్‌కు గంటల సమయం పట్టొచ్చు. ఈదురుగాలికే కరెంటు పోయే ఊళ్లు మనవి, కాబట్టి చార్జర్‌తో పాటు బ్యాటరీ కూడా నిలిచేలా చూసుకుని మొదలుపెట్టండి.

విప్పేటప్పుడు స్క్రూలు ఏ రంధ్రంవి ఆ వరుసలోనే కాగితం మీద పెట్టుకోవాలి. పొడుగు స్క్రూ పొట్టి రంధ్రంలో బిగిస్తే కీబోర్డు పక్కన ప్లాస్టిక్ పైకి పొడుచుకొస్తుంది. ఏది ముట్టుకునే ముందైనా బ్యాటరీ కనెక్టరు ఊడదీయాలి. మీది బట్టల కొట్టు కదా, ఫ్యాన్ వెనక రాగి గొట్టం చివర ఉన్న రేకుల మధ్య నూగు దుప్పటిలా పేరుకుని ఉంటుంది. అది తీయించి, ప్రాసెసర్ వేడిని బయటికి పంపే థర్మల్ పేస్ట్ మార్పిస్తే వేడెక్కి నెమ్మదించడం తగ్గుతుంది.

ఇక అసలు చిక్కు విండోస్‌ది. విండోస్ 10కి మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. ఇళ్లలో వాడేవాళ్లకు ఈఎస్‌యూ (అదనపు సెక్యూరిటీ అప్‌డేట్లు) పేరుతో 2026 అక్టోబరు 13 దాకా పొడిగింపు ప్రకటించారు. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ దగ్గర నమోదు చేసుకోవాలి. విండోస్ 11 అధికారికంగా దాదాపు ఎనిమిదో తరం ప్రాసెసర్ల నుంచే, మీది ఏడోది. అడ్డదారిలో ఎక్కించేవాళ్లున్నారు, కానీ బ్యాంకు పాస్‌వర్డ్‌లు టైప్ చేసే మిషన్‌కు అది వద్దు. అప్‌డేట్లు వస్తాయన్న భరోసా ఉండదు. అందుకే గడువు దాటాక లెక్కలు, బ్యాంకు పనులు కొత్తదానికి మార్చి, దీనికి విండోస్ బదులు ఉచితంగా దొరికే లైనక్స్ మింట్ వేసి పిల్లల చదువుకు ఇవ్వండి. ఎస్‌ఎస్‌డీ అప్పుడూ పనికొస్తుంది. ఎస్‌ఎస్‌డీ, ర్యామ్, బ్యాటరీ మూడూ కలిపి కొత్తదాని ధరలో మూడో వంతు దాటుతుంటే మాత్రం ఆగండి.

ప్రశ్న: మాది బొబ్బిలి. లాప్‌టాప్‌లో ఎనిమిదో తరం ఐ5, 8 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ఉన్నాయి. స్పీడు బాగుంది. కానీ టచ్‌ప్యాడ్ క్లిక్ అవడం లేదు, ఒక పక్క పైకి లేచింది. చార్జర్ తీస్తే పది నిమిషాలు కూడా ఉండదు. టచ్‌ప్యాడ్ మార్పిస్తే సరిపోతుందా?

జవాబు: ఇంకా వాడుతుంటే వెంటనే ఆపేయండి. లోపల బ్యాటరీ ఉబ్బి టచ్‌ప్యాడ్‌ను కింది నుంచి తోస్తోంది. అది చీలితే నిప్పంటుకోవచ్చు. చార్జర్ తీసేయండి, పైకి లేచిన చోట నొక్కకండి, మీరే స్క్రూడ్రైవర్‌తో పీకకండి. మెకానిక్ దగ్గర బ్యాటరీ తీయించాక చాలాసార్లు టచ్‌ప్యాడ్ దానంతట అదే సర్దుకుంటుంది. కొత్త బ్యాటరీ కొనేటప్పుడు పాతదాని మీది పార్టు నంబరు, వోల్టేజీ, కనెక్టరు ఆకారం మూడూ సరిపోవాలి. మిషన్ ఎనిమిదో తరానిది, విండోస్ 11కి పనికొస్తుంది కాబట్టి ఈ ఖర్చు పెట్టదగినదే. ఉబ్బిన పాత బ్యాటరీని చెత్తబుట్టలో వేయకుండా ఈ-వ్యర్థాలు తీసుకునేవాళ్లకే ఇవ్వండి. ఇచ్చేదాకా ఇంట్లో మండే వస్తువులకు దూరంగా, ఎండ తగలని చోట ఉంచండి.