సున్నపురాతి నేలల్లోని జలాశయాలు కార్బన్ డయాక్సైడ్‌ను తగ్గిస్తాయా?

ప్రశ్న: వాననీరు కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకొని సున్నపురాతిని కరిగించడం వల్లనే బెలుం గుహలు ఏర్పడ్డాయని చదివాను. అలాగయితే సున్నపురాతి ప్రాంతాల్లోని సరస్సులు, జలాశయాలు ఆ వాయువును తగ్గిస్తున్నట్టే కదా?
— ఒక పాఠకురాలు, నంద్యాల

జవాబు: మీరు చదివింది నిజమే. అయితే నీరు అలా తీసుకున్న వాయువును ఎల్లకాలం తనలోనే దాచుకోదు. సున్నం ఎక్కువున్న నీటిని మరిగించిన గిన్నె అడుగున తెల్లటి పెచ్చు కడుతుంది కదా, అప్పుడు కరిగిన సున్నం తిరిగి గట్టిపడుతూ కార్బన్ డయాక్సైడ్‌ను వదిలేస్తుంది. నేలలోని వేళ్లు, సూక్ష్మజీవులు విడిచిన ఆ వాయువును నింపుకొని వచ్చిన భూగర్భజలం ఊటగా బయటపడినప్పుడు కూడా ఇదే జరుగుతుంది. క్రొయేషియాలోని ప్లిట్విట్సె సరస్సుల మధ్య సహజమైన కట్టలు ఏర్పడింది ఇలాగే.

జలాశయాల సంగతి ఇంకా చిక్కైనది. చైనాలోని గ్వేజో రాష్ట్రంలో సున్నపురాతి కొండల మధ్య పారే వూ నదిపై వరుసగా ఆనకట్టలు ఉన్నాయి, వాటిలో వూజియాంగ్‌దు ఎత్తు 165 మీటర్లు. ఇటువంటి లోతైన జలాశయంలో వేసవిలో పైపొరలోని నాచు కార్బన్ డయాక్సైడ్‌ను వేగంగా వాడుకోవడంతో నీటి ఉపరితలం గాలి నుంచి కూడా దాన్ని పీల్చుకోగలదు. కానీ ఆ నాచే చచ్చి అడుగుకు చేరి కుళ్లుతుంది, లోతు నీటిలో ప్రాణవాయువు తగ్గి కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది. శీతకాలంలో పై నీరు చల్లబడి అడుగు నీటితో కలిసినప్పుడు అది బయటపడుతుంది. విద్యుత్తు కోసం లోతు నుంచి తీసిన నీరు టర్బైన్లు దాటగానే ఆనకట్ట దిగువన కూడా దాన్ని వదులుతుంది. వేసవి మధ్యాహ్నం నీటి పైభాగాన్ని మాత్రమే కొలిచి జలాశయం మంచిదని తేల్చడాన్ని నేను ఒప్పుకోలేను.

మీథేన్‌ను ఇంకా జాగ్రత్తగా చూడాలి. నూరేళ్ల లెక్కన ఒక కిలో మీథేన్ సుమారు 28 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానంగా వేడిని పెంచుతుంది. ప్రాణవాయువు లేని అడుగు బురదలో అది పుడుతుంది. నీరు లోతుగా ఉంటే పైకి వచ్చేలోగా బాక్టీరియా దానిలో చాలా భాగాన్ని హరించేస్తాయి, లోతు తక్కువైన అంచుల్లో మాత్రం బుడగలుగా నేరుగా గాలిలో కలుస్తుంది.

సున్నపురాతి నేలల్లో మరో బలహీనత ఉంది. అక్కడ మట్టి పొర పలుచన, రాతిలో నెర్రెలు ఎక్కువ. పొలాల్లో చల్లిన ఎరువులు, ఊళ్ల మురుగు వడకట్టబడకుండానే సరస్సును చేరి నాచును పెంచుతాయి, దాంతో మీథేన్‌తోపాటు వేడిని పెంచే మరో వాయువైన నైట్రస్ ఆక్సైడ్ కూడా ఎక్కువవుతుంది. అందుకే ఇటువంటి జలాశయాల ఎగువన మురుగును శుద్ధి చేయకుండా వదిలేయడాన్ని నేను తాగునీటి సమస్యగానే కాక, వాతావరణ సమస్యగా కూడా చూస్తాను.