అనంత శ్రేణిని ప్రోగ్రాంలో లేజీగా, అంటే అడిగినప్పుడే పదం లెక్కకట్టేలా, రాయడానికి పైథాన్ జనరేటర్ (పదాలను ఒక్కొక్కటిగా వరసగా ఇచ్చే ఫంక్షన్) చాలదా?

చాలదు. జనరేటర్ ఒకసారి ముందుకెళ్తే వెనక్కి రాదు. గణితంలోనేమో ఒకే శ్రేణిని పదిచోట్ల వాడతాం, ఐదో పదం అడిగాక మళ్లీ రెండోది అడుగుతాం. అందుకే స్థానం ఇస్తే పదం చెప్పే ఫంక్షన్, దాని పక్కనే లెక్కకట్టినవి దాచుకునే క్యాష్, రెండూ కావాలి.

కాటలాన్ సంఖ్యలు చూడండి: 1, 1, 2, 5, 14, 42. వీటిని గుణకాలుగా పెట్టుకున్న ఘాత శ్రేణిని (1 + ఎక్స్ + 2ఎక్స్² + 5ఎక్స్³ + …) 'సి' అంటే, సి = 1 + ఎక్స్ × సి². సి నిర్వచనంలో మళ్లీ సి! అయినా చిక్కు లేదు, ఆ ఎక్స్ ప్రతి పదాన్నీ ఒక మెట్టు పైకి జరుపుతుంది కాబట్టి. 42 కావాలా? 1×14 + 1×5 + 2×2 + 5×1 + 14×1. అన్నీ ముందే క్యాష్‌లో ఉన్నవే. ఎక్స్ మర్చిపోయారో, మొదటి పదం తనను తానే అడుగుతూ కూర్చుంటుంది. క్యాష్ తీసేస్తే పని ఘాతాంక వేగంతో పెరుగుతుంది. సేజ్‌మ్యాథ్ అనే గణిత సాఫ్ట్‌వేర్‌లో ముందు 'అన్‌డిఫైన్డ్' అని ఖాళీ శ్రేణి పెట్టి, తర్వాత 'డిఫైన్'తో సమీకరణం ఇస్తారు.

అసలు తలనొప్పి సమానత్వం, అంటే రెండు శ్రేణులు ఒకటేనా అని తేల్చడం. సైన్² + కాస్² − 1 సున్నా అని మనకు తెలుసు. దాన్ని ఘాత శ్రేణిగా రాసి పదాలు ఒక్కొక్కటే చూసే ప్రోగ్రాంకి లక్ష సున్నాల తర్వాత కూడా తెలియదు. దానితో భాగించబోతే, సున్నా కాని మొదటి పదం కోసం వెతుకుతూ ఆగదు. నేనైతే ఎన్ని పదాల వరకు చూడాలో వాడేవాళ్లనే అడిగి, అది దాటితే 'తేలలేదు' అని ఎర్రర్ ఇస్తాను.