వ్యాసం వెనక్కి పంపుతున్నాను

చిరంజీవికి,

'ఆనాడు ఎవరూ పట్టించుకోని స్ట్రే డాగ్‌ను కాలమే గుర్తించింది' అన్న నీ మొదటి వాక్యం దగ్గరే నాకు చిర్రెత్తుకొచ్చింది. ఎవరమ్మా పట్టించుకోనిది? 1949లో వచ్చిన ఆ సినిమాకు జపాన్ పత్రిక కినెమా జుంపో ఆ ఏటి జాబితాలో మూడో స్థానం ఇచ్చింది. పెదవి విరిచింది తీసిన కురొసావానే. డిటెక్టివ్ నవలల రచయిత సిమెనాన్ పద్ధతిలో ముందు నవలగా రాసుకుని మరీ తీశాడు. అనుకున్నట్టు రాలేదనీ, టెక్నిక్ ఎక్కువైందనీ తనే అన్నాడు. ఆత్మకథ రాసేనాటికి మళ్ళీ ఆ షూటింగ్‌ని ఎంత ముచ్చటగా తలుచుకున్నాడో! తర్వాతి విమర్శకులు ఇద్దరు పోలీసులు జట్టుకట్టి కేసు తేల్చే సినిమాలకు ఇదే తొలి నమూనాల్లో ఒకటన్నారు. సరే. నీ వ్యాసం నిండా ఈ తీర్పులే. తీర్పులు పోగేస్తే విమర్శ అయిపోదు. సినిమా ఏదమ్మా అందులో?

సినిమా అంతా ఎండ. కిక్కిరిసిన బస్సులో కుర్ర డిటెక్టివ్ మురకామి జేబులోంచి కోల్ట్ పిస్టల్ కొట్టేస్తారు. దానికోసం మాసిన సైనిక దుస్తులేసుకుని నల్లబజార్లన్నీ తిరుగుతాడు. అందరి చొక్కాలూ ఒంటికి అతుక్కుపోయి ఉంటాయి. డాన్సు ముగించిన అమ్మాయిలు తెర వెనక్కొచ్చి నేలమీద కూలబడి రొప్పుతుంటారు. దీనిమీద నువ్వు రాసిన వాక్యం బాగుంది. అక్కడే ఆగి ఇంకో పేజీ రాయాల్సింది. ఆగకుండా 'మాస్టర్‌పీస్'లోకి దూకావు.

ఆ మాటంటేనే నాకు ఒళ్ళుమంట. నా కుర్రతనంలో ఒక వారపత్రిక ఎడిటర్ ఉండేవాడు. ఫిల్మ్ సొసైటీ షోల చీకట్లో, ఒక లైను మీద ఇంకో లైను పడేలా గీకి తెచ్చుకున్న నోట్సులోంచి నేను షాట్ల గురించి రాస్తే, అవన్నీ కొట్టేసి 'తప్పక చూడవలసిన చిత్రం' అని తగిలించేవాడు. చోటు లేదట! పక్కనే అరపేజీ హీరోయిన్ బొమ్మ. డబ్బులడిగితే పేరొస్తోంది కదా అనేవాడు. ఇప్పుడు స్టార్ రేటింగులొచ్చి అలాంటివాళ్ళ పని ఇంకా తేలికైంది.

ఏ పత్రికకు పంపాలి, పుస్తకం వేస్తారా అనేవి తర్వాత. ముందు ఆఖరి వేట మళ్ళీ చూడు. మురకామి, ఆ పిస్టల్ చేతికి చిక్కిన దొంగ యుసా ఇద్దరూ యుద్ధం నుంచి తిరిగొస్తూ సంచులు పోగొట్టుకున్నవాళ్ళే. బురదలో పడి రొప్పుతుంటే పోలీసెవరో దొంగెవరో పోల్చుకోలేం. పక్కనుంచి పిల్లలు పాడుకుంటూ పోతారు. అది విని యుసా భోరుమంటాడు. ఆ పాట నీ వ్యాసంలో లేనేలేదు. అక్కడ దాన్నెందుకు పెట్టాడో నీకు తోచింది రాసి పంపు. మళ్ళీ 'కాలం గుర్తించింది' అని కనిపించిందా, అక్కడితో చదవడం ఆపేస్తాను.

ఆశీస్సులతో.